పాత అంబాసిడర్ కొనాలా వద్దా: ఇంజన్ కన్నా ముందు చూడాల్సినవి

పాత అంబాసిడర్ గానీ, ప్రీమియర్ పద్మిని గానీ అమ్మకానికి ఉందని తెలిసి చూడడానికి వెళ్లినవాళ్లు అడిగే మొదటి మాట "ఇంజన్ ఎలా ఉంది?" అని. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఇంజన్ తుడిచి మెరిపించి, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయ్యేలా రెడీ చేసి పెడతారు. కానీ ఈ రెండు కార్లలోనూ అన్నిటికన్నా తేలిగ్గా బాగయ్యే భాగం ఇంజనే. కొన్నాక మనిషిని నిజంగా ఏడిపించేవి వేరే రెండున్నాయి: లోపల్లోపల తుప్పు తిన్న బాడీ, లెక్క కుదరని కాగితాలు. ఈ రెండూ సరిగ్గా ఉంటే ఇంజన్ అసలు తిరగని బండిని కూడా ధైర్యంగా కొనొచ్చు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, ఎంత చవగ్గా వస్తున్నా వదిలేయడమే మంచిది.

ముందు వయసు సంగతి చూద్దాం. అంబాసిడర్ అనగానే అందరికీ ఒకే ఆకారం గుర్తొస్తుంది గానీ, హిందుస్థాన్ మోటార్స్ దాన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1950ల చివరి నుంచి 2014 మే వరకు తయారుచేసింది. మూలం బ్రిటన్‌లో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. కాబట్టి "పాత అంబాసిడర్" అన్న మాట కింద అరవై ఏళ్ల మార్క్ 1 ఉండొచ్చు, 1979లో మొదలైన మార్క్ 4 ఉండొచ్చు, 1990లలో ఇసుజు ఇంజన్‌తో వచ్చిన 1800 ఉండొచ్చు. చూడడానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ రిజిస్ట్రేషన్ రూల్స్, స్పేర్లు, నడిపే తీరు దేనికదే. పద్మిని ఇటలీ ఫియట్ 1100కి మన దేశపు రూపం, ముంబైలోని కుర్లాలో తయారయ్యేది. ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబర్ 29న రిజిస్టరైంది. ట్యాక్సీలకు అక్కడున్న 20 ఏళ్ల పరిమితి ముగిసి 2023 అక్టోబర్ 30 నుంచి అవి రోడ్డు మీద కనిపించడం ఆగిపోయింది. కొనేవాళ్లకు ఈ తేదీలతో పని ఉంది, ఎందుకంటే ఇన్నాళ్లూ ఈ కార్ల స్పేర్లు దొరికింది ట్యాక్సీల పుణ్యాన. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే బండ్లకు క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, బుష్‌లు కావాలి కాబట్టి తయారుచేసేవాళ్లు ఉన్నారు. ఆ గిరాకీ పోతున్నకొద్దీ మిగిలేది పాత స్టాకు, విప్పిన బండ్ల సామాను మాత్రమే.

ఇప్పుడు బాడీ. లారీకీ, పాత జీపుకీ కింద ఒక ఛాసిస్ ఫ్రేమ్ ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. బాడీ పుచ్చిపోయినా ఫ్రేమ్ గట్టిగా ఉంటే బండి నిలబడుతుంది. అంబాసిడర్, పద్మిని అలా కాదు. ఫ్లోరు రేకు, తలుపుల కింద పొడవుగా ఉండే పెట్టెలాంటి భాగం, ముందు ఇంజన్ గది గోడలు, వెనక స్ప్రింగ్ పట్టీలు బిగించిన చోటు, ఇవన్నీ కలిసే ఛాసిస్. అందువల్ల తలుపుల కింద తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన విషయం కాదు, కారు నడుము దెబ్బతిన్నట్టే. అంబాసిడర్‌లో ముందు సస్పెన్షన్‌కు కాయిల్ స్ప్రింగులు ఉండవు, పొడవాటి టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) ఉంటాయి, వాటి రెండో కొస ఫ్లోరు కింది భాగానికే బిగించి ఉంటుంది. కారు ముందు బరువంతా మోసే లోడు ఆ చోట పడుతుంది. అక్కడి రేకు పొరలు పొరలుగా లేస్తుంటే ఇక బేరం దాకా వెళ్లక్కర్లేదు.

బండి చూడడానికి వెళ్లేటప్పుడు ఒక టార్చి, మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, పడుకోడానికి పాత దుప్పటి తీసుకెళ్తే చాలు. అయస్కాంతం దేనికంటే, తుప్పు పట్టిన చోట రేకు మార్చకుండా లప్పం పెట్టి సాఫు చేసి పెయింట్ కొట్టేయడం ఈ వ్యాపారంలో మామూలే. లప్పం మందంగా ఉన్నచోట అయస్కాంతం పట్టదు. తలుపుల అడుగు అంచులు, చక్రాల మీది వంపులు, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీ అడుగు, వెనక అద్దం రబ్బరు కింద, ఈ చోట్లన్నీ ఓపిగ్గా చూడాలి. లోపల కార్పెట్ ఎత్తి చూడనివ్వకపోతే అక్కడే సమాధానం దొరికినట్టు. డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోరు, స్టెప్నీ కింద డిక్కీ ఫ్లోరు మొదట పోతాయి, ఎందుకంటే తడి కాళ్లు, కారే రబ్బరు బీడింగ్ వల్ల నీళ్లు చేరేది అక్కడే.

ఇంకో పరీక్ష ఉంది, పాత టింకరింగ్ మేస్త్రీలు చేసేది. ఒక పక్క జాకీ పెట్టి కారు కొంచెం లేపి, ఆ పక్క తలుపులు తెరిచి మూయాలి. బాడీ గట్టిగా ఉంటే తలుపు ముందెలా పడిందో అలాగే పడుతుంది. తలుపు పట్టేసినా, పైనుంచి కిందకు ఖాళీ మారినా, తలుపుల కింది భాగం బలం పోయిందని అర్థం. అసలు జాకీ పెట్టే చోటే లోపలికి నొక్కుకుపోతే మరీ మంచిది, పరీక్ష అక్కడితో ముగుస్తుంది.

కొత్త పెయింట్‌తో నిగనిగలాడే బండి కన్నా రంగు వెలిసి, అక్కడక్కడా గీతలు పడ్డ పాత పెయింట్ బండి చాలాసార్లు మేలు. పాత పెయింట్ కింద ఏముందో కనిపిస్తుంది. అమ్మకానికి ముందే పెయింట్ వేయించారంటే, అడుగున కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టించారంటే, అది ప్రేమతో చేసిందైనా కావొచ్చు, దాచడానికి చేసిందైనా కావొచ్చు. పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు అడగాలి. నిజంగా రేకు మార్చి పని చేయించినవాళ్లు ఫొటోలు తీయకుండా ఉండరు, అడక్కపోయినా చూపిస్తారు.

బండి ఎక్కడ బతికిందో కూడా అడగాలి. విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల ఉప్పుగాలికి పాతికేళ్లు ఉన్న బండికీ, అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎండలో ఉన్న బండికీ చాలా తేడా ఉంటుంది. ఎండకు సీట్లు, రబ్బరు, డాష్‌బోర్డు పోతాయి, కానీ రేకు నిలుస్తుంది. రబ్బరు మార్చుకోవచ్చు. అలాగే 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ రోజుల్లో ఈ కారు ఎక్కడుందని సూటిగా అడగడంలో తప్పేమీ లేదు. వరద నీళ్లు పెట్టెలాంటి భాగాల్లోకి బురదతో సహా చేరి అక్కడే ఉండిపోతాయి, బయటికి ఏమీ కనిపించదు, కొన్నేళ్లకు లోపలి నుంచి రేకు పోతుంది. సీట్ల కింద స్ప్రింగులకు పట్టిన తుప్పు, డాష్‌బోర్డు వెనక వైర్ల మీద ఎండిన బురద చారలు ఆ కథ చెప్తాయి.

బాడీ పని ఎందుకింత భయపెట్టాలంటే, దాని ఖర్చు ముందుగా ఎవరూ చెప్పలేరు. పెయింట్ గీకేదాకా తుప్పు ఎంతవరకు పాకిందో తెలియదు. గీకాక ఒక రేకుతో మొదలైన పని నాలుగు రేకులకు వెళ్తుంది. పాత రేకు వంపులు చేత్తో కొట్టి తయారుచేయగల మేస్త్రీలు తగ్గిపోయారు. ఇప్పటి షెడ్లలో ఎక్కువగా జరిగేది దెబ్బతిన్న ప్యానెల్ తీసి కొత్తది వేయడమే, కాబట్టి ఆ పని నేర్చుకున్న కుర్రాళ్లకు ఇది రాకపోవడంలో వాళ్ల తప్పేం లేదు. తెలిసిన మేస్త్రీ దొరికినా, ఆయన చేతిలో ఇంకో రెండు బండ్లు ఉంటాయి. నెలల్లో అవుతుందనుకున్నది ఏడాది దాటడం ఈ పనిలో మామూలు, ఖర్చు లక్షల్లోకి వెళ్లడమూ మామూలే.

కాగితాల దగ్గర తప్పులు ఇంతకన్నా ఖరీదైనవి, ఎందుకంటే డబ్బు పెట్టినా కొన్ని సరికావు. మొదట చూడాల్సింది ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉందని. పాత కార్లలో సగం తలనొప్పి ఇక్కడే. కారు తాతగారి పేరు మీద ఉంటుంది, ఆయన పోయి చాలా ఏళ్లయి ఉంటుంది, అమ్ముతున్నది మనవడు. చనిపోయిన యజమాని పేరు నుంచి మార్చాలంటే ఫారం 31, డెత్ సర్టిఫికెట్, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. కుటుంబంలో ఒక్కరు అమెరికాలో ఉండి సంతకం ఆలస్యం చేసినా, ఆస్తి గొడవల్లో మాటలు లేకపోయినా కారు అక్కడే ఆగిపోతుంది. ఈ పని అమ్మేవాళ్లు పూర్తిచేసి తమ పేరు మీదకు తెచ్చుకున్నాకే కొనాలి. "మీరు తీసుకెళ్లండి, తర్వాత చూసుకుందాం" అన్న మాట ఎంత పెద్దమనిషి నోట వచ్చినా ఒప్పుకోకూడదు.

రెండోది, నంబరు ఆన్‌లైన్‌లో ఉందా లేదా. 1989కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండ్లకు మూడు ఇంగ్లిష్ అక్షరాల పాత సిరీస్ నంబర్లు ఉండేవి, ఆర్‌సీ చేత్తో రాసిన చిన్న పుస్తకం. అలాంటి చాలా బండ్ల వివరాలు రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్‌లో చూపే ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లోకి ఎక్కలేదు. ఆఫీసులో పాత రిజిస్టర్ వెతికించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ వేయించుకుంటే తప్ప రెన్యువల్ గానీ, పేరు మార్పు గానీ, బండిని వేరే చోటికి మార్చడానికి అభ్యంతరం లేదని ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ గానీ ముందుకు కదలవు. ఆ రిజిస్టర్ చెదలు పట్టిందనో, కనబడటం లేదనో తెలిస్తే ఆ కారు భవిష్యత్తు ఒక గుమస్తా ఓపిక మీద ఆధారపడి ఉన్నట్టే. చూడడానికి వెళ్లే ముందే ఫోన్‌లో నంబరు కొట్టి చూస్తే ఒక ప్రయాణం మిగులుతుంది.

మూడోది, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. ఆర్‌సీలో ఉన్నవీ బండి మీద కొట్టి ఉన్నవీ అక్షరం అక్షరం సరిపోవాలి. ఆర్‌టీఏ ఆఫీసులకు ఇవ్వడానికి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఛాసిస్ ప్రింట్ తీస్తారు కదా, అదే పని కొనేవాళ్లూ చేసుకోవాలి. అంబాసిడర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒకప్పుడు పెట్రోల్ ధర భరించలేక పెట్రోల్ ఇంజన్ తీసేసి మటడార్ వ్యాన్ డీజిల్ ఇంజన్ లాంటివి వేసుకోవడం చాలా జరిగింది. ఆర్‌సీలో మాత్రం ఇంకా పెట్రోల్ అనే ఉంటుంది. గ్యాస్ కిట్ కూడా అంతే. అలాంటి బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చిక్కుల్లో పడుతుంది, ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతుంది.

ఇక ప్రభుత్వ వేలంలో కొన్న తెల్ల అంబాసిడర్లు. మన ఊళ్లలో ఇవి చాలానే ఉన్నాయి, కలెక్టర్ వాడిన కారు, మంత్రి తిరిగిన కారు అని గొప్పగా చెప్పి అమ్ముతారు. వాటికి వేలం పత్రం, ఆ శాఖ ఇచ్చిన రిలీజ్ కాగితం ఉన్నాయా, ప్రైవేటు వ్యక్తి పేరు మీదకు వచ్చినప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టారా అన్నవి చూడాలి. ఇంకా శాఖ పేరు మీదే ఉన్న పాత బండి అయితే దాని జోలికి వెళ్లకూడదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కాదు, అవి తుక్కుకే వెళ్లాలి.

ఢిల్లీ నుంచి వచ్చే బండ్లది ఇంకో కథ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక చాలా పాత కార్లు దక్షిణాదికి చవగ్గా వచ్చాయి. చవకతనం కళ్లకు కనిపిస్తుంది, మిగతా ఖర్చు కనిపించదు. అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి, వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి ట్యాక్స్ మళ్లీ కట్టాలి. రిజిస్ట్రేషన్ అక్కడే రద్దయిపోయిన బండిని ఎన్‌ఓసీ లేకుండా లారీ ఎక్కించి తెచ్చి అమ్మితే, కొన్నవాళ్ల చేతిలో మిగిలేది నంబరు లేని ఇనుము.

రెన్యువల్ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోవాలి. ప్రైవేటు కారు ఆర్‌సీ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఈ ఫీజు 600 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. రెన్యువల్ గడువు దాటిపోయి ఏళ్లు గడిచిన బండి అయితే ఆలస్యానికి పడే రుసుములన్నీ ఎంతవుతాయో ఆఫీసులో కనుక్కుని, ఆ మొత్తం బేరంలో తగ్గించుకోవాలి.

50 ఏళ్లు దాటిన కార్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రూల్స్ తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే 20,000 రూపాయల ఫీజుతో పదేళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తారు, తర్వాత ఐదేళ్లకోసారి 5,000. కొత్తగా రిజిస్టరయ్యేవాటి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ముందే నంబరున్నవి పాత నంబరునే ఉంచుకోవచ్చు. వినడానికి ఇది చాలా బాగుంటుంది, అమ్మేవాళ్లు కూడా "ఇది వింటేజ్ అవుతుంది సార్" అని ధర పెంచుతారు. కానీ అలా రిజిస్టరైన కారును ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోల్ పోయించడానికో, రిపేరుకో తీసుకెళ్లొచ్చు గానీ రోజువారీ వాడకానికి, కిరాయికి పనికిరాదు. పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చి ఖర్చు రాబట్టుకుందామనుకునేవాళ్లు ఈ రూలు ముందే చదువుకోవాలి.

ఇవన్నీ దాటాక ఇంజన్ దగ్గరికి రావాలి. చాలా అంబాసిడర్లలో ఉన్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ డిజైన్. పోత ఇనుము బ్లాకు, పుష్‌రాడ్లు, ఒక కార్బురేటర్, అంతే. రింగులు పోతే బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు, క్రాంక్ అరిగితే గ్రైండింగ్ చేస్తారు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్, విశాఖ ఆటోనగర్‌లలో గానీ ఈ లేత్ పని తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఎంతవుతుందో ముందే చెప్తారు. చెప్పిన లెక్క పెద్దగా మారదు కూడా. పద్మిని 1089 సీసీ ఇంజన్ ఇంకా చిన్నది, హుషారైనది, కానీ దాని హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, అల్యూమినియం. ఒక్కసారి బాగా వేడెక్కిస్తే వంగిపోతుంది, కాబట్టి రేడియేటర్ చరిత్ర గట్టిగా అడగాలి.

పరీక్ష ఎప్పుడూ చల్లటి ఇంజన్ మీదే చేయాలి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పడం ఉత్తమం. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వ్ గైడ్లో పోయాయి. చల్లటి ఉదయం కొద్దిసేపు వచ్చే తెల్ల ఆవిరికి భయపడక్కర్లేదు, వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నట్టు. అరగంట తిప్పి, ట్రాఫిక్‌లో నిలబెట్టి, ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయాలి. అంతవరకు చక్కగా ఉన్న బండి మే నెల ఎండలో ఈ చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. గేరు సెకండ్‌లోకి వేసేటప్పుడు గరగరలాడితే సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే రింగు) అరిగింది, చాలామంది దాంతోనే ఏళ్ల తరబడి నడుపుతారు, బేరానికి పనికొస్తుంది గానీ కొనకపోవడానికి కారణం కాదు.

పెట్రోల్ గురించి మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి. ఈ ఇంజన్లు పుట్టినప్పుడు పెట్రోల్‌లో సీసం కలిపేవారు, అది వాల్వ్ సీట్లు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచులు) అరగకుండా కాపాడేది. 2000 నాటికి దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది. పాత ఇనుప హెడ్‌లో నేరుగా చెక్కిన సీట్లు హైవే మీద గట్టిగా నడిపితే మెల్లగా అరుగుతాయి, హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే ఆ చింత పోతుంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లో పోస్తున్నారు. ఇథనాల్ గాల్లోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను, పెట్రోల్ పంపు డయాఫ్రమ్‌ను, కార్బురేటర్ ప్యాకింగులను మెత్తబరుస్తుంది. నెలకోసారి మాత్రమే తీసే కారులో ట్యాంకు లోపల తుప్పు పట్టడానికి ఇది చాలు. వేడి ఇంజన్ పక్కనే మెత్తబడిన గొట్టం నుంచి పెట్రోల్ కారడం ప్రాణాల మీదకు వచ్చే విషయం. కొన్న వారంలోనే గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించాలి, ట్యాంకు దించి చూడాలి. ఈ ఖర్చు పెద్దది కాదు, వాయిదా వేయకపోవడమే ముఖ్యం.

బ్రేకులూ అంతే. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, పైగా మాస్టర్ సిలిండర్‌కు ఒకటే సర్క్యూట్. ఎక్కడ ఒక గొట్టం పగిలినా పెడల్ మొత్తం కిందకు పోతుంది. టైర్లు చూడడానికి కొత్తగా ఉన్నా పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చదవాలి, మొదటి రెండంకెలు వారం, తర్వాతవి సంవత్సరం. పదేళ్ల కిందటి టైరు గాడులు నిండుగా ఉన్నా హైవేకి పనికిరాదు. ఎయిర్‌బ్యాగులు ఉండవు, వెనక సీట్లో బెల్టులు ఉండవు. పిల్లల్ని ఎక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద నేటి కార్ల మధ్య వంద వేగంతో వెళ్లడానికి ఇది తగిన బండి కాదని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే కొనాలి.

స్పేర్ల విషయంలో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. తిరిగే సామాను దొరుకుతుంది, అలంకారాలే దొరకవు. క్లచ్ ప్లేటు ఆటోనగర్‌లో కాకపోతే చెన్నై జీపీ రోడ్డులో, ఢిల్లీ కశ్మీరీ గేటులో, కోల్‌కతా మల్లిక్ బజార్‌లో దొరుకుతుంది. కానీ మార్క్ 2 నాటి గళ్ల గ్రిల్, ఆ కాలపు మీటర్లు, టెయిల్ ల్యాంప్ అద్దం, క్రోమ్ పట్టీలు, బ్యాడ్జీలు ఒరిజినల్‌వి కావాలంటే ఏళ్లు వెతకాలి. కాబట్టి ఇంజన్ తిరగకపోయినా ఈ సామానంతా ఉన్న కారు, ఇంజన్ బాగుండి లోపలంతా మార్చేసిన కారు పక్కపక్కన ఉంటే మొదటిదే విలువైనది. తర్వాతి కాలపు కారుకు పాత గ్రిల్ బిగించి పాత మోడల్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు, ఆర్‌సీలో తయారైన సంవత్సరం చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

డబ్బు లెక్కలో మనసును కాసేపు పక్కన పెట్టాలి. ఉదాహరణకు లక్షన్నరకు దొరికిన బండి మీద నాలుగు లక్షల పని ఉంటే దాని ధర ఐదున్నర లక్షలు. అదే మోడల్‌ను ఇంకొకరు శ్రద్ధగా బాగుచేయించి ఫొటోలు, బిల్లులతో నాలుగున్నరకు అమ్ముతుంటే అదే చవక. బాగుచేయించినవాళ్లకు పెట్టిన డబ్బంతా తిరిగి రావడం అరుదు, కొనేవాళ్లకు కలిసొచ్చేది అక్కడే. చవక బండి కొని మెల్లగా చేయించుకుంటానన్నవాళ్ల కార్లు ఎన్నో సగం విప్పిన స్థితిలో షెడ్ల వెనక, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఉండిపోయాయి. ఆ పనిలోనే ఆనందం ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఈ లెక్క వర్తించదు, వర్తించక్కర్లేదు కూడా.

ఏది కొనాలన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. ఆదివారాలు నడపడానికి, ఊరికి వెళ్లి రావడానికి అయితే ఇసుజు 1.8 లీటర్ ఇంజన్, ఐదు గేర్లు ఉన్న 1990ల అంబాసిడర్ అన్నిటికన్నా సుఖం, అందరూ మెచ్చే పాత గ్రిల్ లేకపోయినా సరే. దాచుకోవడానికి, ర్యాలీలకు అయితే మార్క్ 1, మార్క్ 2. పద్మిని ఊళ్లో తిప్పడానికి తేలిక, సన్న సందుల్లో పడుతుంది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లదే ఇంకో కారు కాంటెస్సా మీద మోజు ఇప్పుడు బాగా పెరిగింది, కానీ దాని బాడీ సామాను అంబాసిడర్‌ది దొరికినంత తేలిగ్గా దొరకదు, సామాను పూర్తిగా ఉన్నది అయితే తప్ప తొందరపడకూడదు. పాత మెర్సిడెస్‌లు చవగ్గా కనిపించడం అసలైన ఉచ్చు. 1990ల డబ్ల్యూ124 అనే మెర్సిడెస్ మోడల్లో వైరింగ్ మీది పూత దానంతటదే పొడిపొడిగా రాలిపోయే సమస్య ఉంది, ఒక్క ఆ పనికే కారు కొన్న డబ్బులో పెద్ద వాటా పోవచ్చు. ఇవన్నీ భయపెడుతుంటే 1980ల మారుతి 800 ఉంది, 796 సీసీ, చేయగలిగిన మెకానిక్ ప్రతి మండలంలో ఉన్నాడు.

అన్నీ కుదిరి బేరం తెగాక టోకెన్ డబ్బుతో పాటు ఒక కాగితం రాసుకోవాలి. నంబరు, ఛాసిస్ నంబరు, ఇచ్చిన మొత్తం, అప్పగించిన తేదీ, గంట, అప్పటిదాకా ఉన్న చలాన్లు అమ్మేవారివే అన్న మాట, రెండు సంతకాలు. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు తీసుకోవాలి, ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదై ఉంటే దాన్ని తీసేయించే ఫారం 35 కూడా. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో తెలియజేయాలి. డబ్బులో కనీసం నాలుగో వంతు, ఆర్‌సీ కొన్నవారి పేరు మీదకు మారిన రోజున ఇస్తామని మొదటి మాటల్లోనే చెప్పేయాలి. కాగితాలు శుభ్రంగా ఉన్నవాళ్లు దీనికి ఒప్పుకుంటారు.